టెస్టు మ్యాచ్‌లో ఓపికగా బ్యాటింగ్ చేయడం ఎలా?

టీ20లో ఒక జట్టుకు దక్కేవి 120 బంతులు, పది వికెట్లు. పన్నెండు బంతులకొక వికెట్ పోయినా జట్టు తన కోటా పూర్తిగా ఆడినట్టే. అక్కడ కొరత బంతులకు, కాబట్టి ఒక్క బంతిని ఊరికే పోనిచ్చినా నష్టమే. టెస్టు మ్యాచ్‌లో ఈ లెక్క తలకిందులవుతుంది. రోజుకు 90 ఓవర్ల చొప్పున ఐదు రోజుల ఆటలో మీ ఇన్నింగ్స్‌కు ఇన్నే బంతులన్న గీత ఎవరూ గీయరు; తరిగిపోయేవి వికెట్లు మాత్రమే. భారీ షాట్‌కు దక్కే గరిష్ఠ ఫలితం ఆరు పరుగులు. అది గురి తప్పితే పోయేది ఆ వికెట్టుతో పాటు, మీరు క్రీజులో ఉండి ఉంటే రాబోయే గంటల్లో వచ్చే పరుగులన్నీ. బహుళ దినాల క్రికెట్ ఆడబోయే ప్రతి బ్యాటరూ ప్యాడ్లు కట్టుకునే ముందు ఈ బేరం తనకు గిట్టుబాటు అవుతుందా అని ఆలోచించాలి. పరిమిత ఓవర్లకు అలవాటుపడిన చేతులను టెస్టు క్రికెట్‌కు ఎలా మళ్లించుకోవాలో, ఏ క్రమంలో సాధన చేయాలో ఇక్కడ వివరిస్తాను.

స్కోరు బోర్డును పక్కనపెట్టి గడియారం చూడండి

ముందుగా ఇన్నింగ్స్‌ను పరుగులతో కొలవడం మానుకోండి. టెస్టులో ఒక రోజంటే దాదాపు రెండు గంటల చొప్పున మూడు సెషన్లు, మధ్యలో 40 నిమిషాల భోజన విరామం, 20 నిమిషాల టీ విరామం. క్రీజులోకి వెళ్లేటప్పుడు మీ లక్ష్యం యాభయ్యో వందో కాకూడదు. తర్వాతి విరామం దాకా అవుట్ కాకుండా ఉండటమే కావాలి. తొలి గంటను బౌలర్‌కు వదిలేస్తే మిగిలిన సమయమంతా బ్యాటర్‌దేనన్న సలహా సునీల్ గవాస్కర్ పేరు మీద ఎంతోకాలంగా చెలామణిలో ఉంది. అందులో సాంకేతికమైన కారణం కూడా ఉంది. కొత్త బంతికి సీమ్ (బంతి మధ్యలోని కుట్టు) గట్టిగా, నిటారుగా ఉంటుంది, పూత చెక్కుచెదరదు, ఉదయాన పిచ్‌లో తేమ మిగిలి ఉండవచ్చు, బౌలర్లు అప్పుడే ఒళ్లు వేడెక్కించుకుని వచ్చి ఉంటారు. ఇవేవీ గంటన్నర తర్వాత అదే స్థాయిలో ఉండవు.

ఫీల్డింగ్ జట్టు 80 ఓవర్లు పూర్తయ్యాక కొత్త బంతి తీసుకోవచ్చు. అందుకే ఓవర్ల సంఖ్యను ఎప్పుడూ గుర్తుంచుకోండి. డెబ్బయ్యో ఓవరు దాటాక బంతి మెత్తబడి ఉంటుంది, ప్రధాన పేసర్లను కెప్టెన్ కొత్త బంతి కోసం అట్టిపెట్టుకుంటాడు. కుదురుకున్న బ్యాటర్‌కు పరుగులు చేసుకోవడానికి ఇది మంచి వేళ. ఎనభై దాటగానే మళ్లీ ఇన్నింగ్స్ మొదలైనట్టే ఆడాలి. విరామానికి ముందు పది పదిహేను నిమిషాలు, విరామం నుంచి వచ్చాక మరో పది పదిహేను నిమిషాలు మనసు సడలే సమయాలు. లంచ్‌కు ముందు చివరి ఓవర్లో ఊరించే స్పిన్నర్‌ను ఎత్తి కొట్టబోయి వికెట్ పారేసుకున్నవారిని మీరు ఎంతోమందిని చూసే ఉంటారు.

ఆఫ్ స్టంప్ ఎక్కడుందో తెలుసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకునే వీలుంటే ఇదే గుర్తుంచుకోమంటాను. ఓపికకు పునాది మనోబలం అని చాలామంది అనుకుంటారు; నా దృష్టిలో దాని పునాది ఆఫ్ స్టంప్ (మూడు స్టంప్స్‌లో బ్యాటర్ కాళ్లకు దూరంగా ఉండే చివరిది) ఎక్కడుందన్న కచ్చితమైన ఎరుక. ఏ బంతిని వదిలేయవచ్చో తెలియని బ్యాటర్ ఎంత మనోనిబ్బరం ఉన్నవాడైనా ప్రతి బంతి వెంట బ్యాటు పంపుతాడు, ఎందుకంటే వదిలితే స్టంప్స్ ఎగిరిపోతాయేమోనన్న భయం అతడిని విడిచిపెట్టదు.

మొదట గార్డ్ తీసుకోండి, అంటే ఏ స్టంప్‌కు ఎదురుగా నిలబడాలో క్రీజు మీద గుర్తు పెట్టుకోండి. మిడిల్ స్టంప్‌కో, మిడిల్ అండ్ లెగ్‌కో తీసుకున్న తర్వాత స్టాన్స్‌లో (బంతి కోసం వేచి ఉండే భంగిమలో) నిలబడి, బౌలర్ బంతి వదిలే క్షణానికి మీ తల ఎక్కడికి చేరుతోందో వెనుక నుంచి ఎవరినైనా చూడమనండి, లేదా ఫోన్‌లో వీడియో తీయించుకోండి. చాలామందికి తాము అనుకున్న చోట తల ఉండదు. బంతి వదిలే సమయానికి మీ కన్ను ఆఫ్ స్టంప్ గీత మీదకు వచ్చేలా కాలి కదలికను సరిచేసుకుంటే వదిలే లెక్క చాలా తేలికవుతుంది: కంటికి బయటి గీతలో వస్తున్న బంతి స్టంప్స్‌ను తాకదు, దాన్ని పోనివ్వవచ్చు. బంతిని లోపలికి దూసుకొచ్చేలా వేసే బౌలర్ విషయంలో మాత్రం ఈ గీతను మరికొంచెం బయటికి జరుపుకోవాలి.

తర్వాత ఈ సాధన చేయండి. నెట్స్‌లో ఒకరు పద్దెనిమిది గజాల దూరం నుంచి బంతులు విసరాలి. మొదటి ఇరవై నిమిషాలు మీరు బ్యాటు ఊపకూడదు. ప్రతి బంతికీ అది పిచ్‌పై పడే లోపే “ఆడు” అనో “వదులు” అనో పైకి చెప్పండి. స్టంప్స్ వెనుక నిలబడిన మరొకరు ఆ బంతి నిజంగా ఎక్కడినుంచి వెళ్లిందో చెప్పాలి. తొలిరోజు మీ తీర్పుకూ వాస్తవానికీ ఉన్న తేడా మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. ఆ తేడా తగ్గేదాకా డ్రైవ్‌ల సాధనను వాయిదా వేసినా నష్టం లేదు.

బంతిని వదిలేటప్పుడు చేతులు బంతి గీత నుంచి పూర్తిగా తప్పుకోవాలి. బ్యాటును సగం దాకా తెచ్చి ఆపేయడం వదిలేయడం కాదు. బ్యాటు అంచు తగిలి స్లిప్‌లోకి వెళ్లే క్యాచ్‌లలో చాలావాటికి ఆ అనుమానపు కదలికే కారణం. చేతులు పైకి ఎత్తినా, ఒంటికి దగ్గరగా కిందికి దించినా ఏదో ఒకటి పూర్తిగా చేయండి, చివరిదాకా బంతిని చూడండి. పొడవును బట్టి, అంటే బంతి పిచ్‌పై మీకు ఎంత దూరంలో పడిందన్నదాన్ని బట్టి వదలడం కూడా నేర్చుకోవాలి. బౌన్స్ ఎక్కువగా ఉన్న పిచ్ మీద, సరిగ్గా మిడిల్ స్టంప్ మీదకు వస్తున్న షార్ట్ బంతి కూడా స్టంప్స్ పైనుంచి పోతుంది. ఆ పిచ్ మీద ఎంత పొడవున పడిన బంతి స్టంప్స్ దాటుతోందో మీరు అవతలి ఎండ్‌లో నిలబడి ఉన్నప్పుడే గమనించి పెట్టుకోండి.

ఎల్బీడబ్ల్యూ (స్టంప్స్‌ను తాకబోయే బంతికి కాలు అడ్డుపడితే అవుట్ ఇవ్వడం) నిబంధనను ఇక్కడ జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. లెగ్ స్టంప్ బయట పడిన బంతికి ఎల్బీ ఇవ్వరు. షాట్ ఆడే ప్రయత్నం నిజంగా చేసి ఉంటే, ఆఫ్ స్టంప్ గీత బయట ప్యాడ్‌కు తగిలిన బంతికీ ఇవ్వరు. అయితే ఆడే ప్రయత్నమే చేయకుండా ప్యాడ్ అడ్డుపెడితే ఆ రక్షణ ఉండదు. బయట తగిలినా, స్టంప్స్‌ను తాకే బంతి అయితే మీరు అవుటే. కాబట్టి లోపలికి తిరిగే బంతిని ప్యాడ్‌తో ఆపుదామన్న ఆలోచన ప్రమాదకరం.

బంతిని కంటి కింద, ఆలస్యంగా ఆడండి

డిఫెన్స్‌లో రెండు విషయాలు సరిచేసుకుంటే సరిపోతుంది. మొదటిది, బంతిని మీ తల కిందికి రానిచ్చి ఆడటం. బంతి కోసం చేతులు ముందుకు చాచి ఆడితే అది చివర్లో ఎటు తిరిగినా మీరు సర్దుకోలేరు. రెండోది, కింది చేతి పట్టు. కింది చేత్తో హ్యాండిల్‌ను గట్టిగా బిగించి ఆడితే అంచు తీసుకున్న బంతి స్లిప్ ఫీల్డర్ దాకా ఎగురుతుంది. కింది చేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే పట్టుకుని మిగతావాటిని సడలించండి. అప్పుడు అంచుకు తగిలిన బంతి చాలాసార్లు ఫీల్డర్‌కు చేరకముందే నేల మీద పడుతుంది.

స్పిన్‌కు ఎదురైనప్పుడు బంతి పడే చోటికి పూర్తిగా వెళ్లాలి, లేదంటే పూర్తిగా వెనక్కి తగ్గి అది తిరిగాక ఆడాలి. సగం అడుగు ముందుకు వేసి నిలబడిపోయిన బ్యాటర్‌కు అతి దగ్గరగా నిలబడే షార్ట్ లెగ్, సిల్లీ పాయింట్ ఫీల్డర్లు పొంచి ఉంటారు. బ్యాటును ప్యాడ్ వెనుక దాచే పాత పద్ధతికి ఇప్పుడు కాలం చెల్లింది. డీఆర్ఎస్ (అంపైర్ నిర్ణయాన్ని వీడియో సాయంతో సమీక్షించే పద్ధతి) వచ్చాక అలాంటి బంతులకు ఎల్బీ నిర్ణయాలు ధైర్యంగా ఇస్తున్నారు, కాబట్టి బ్యాటు ప్యాడ్‌కు ముందే ఉండాలి.

ఒక షాట్‌ను మీ జాబితాలోంచి తీసేయండి

2004 జనవరిలో సిడ్నీ టెస్టుకు వచ్చేసరికి ఆ సిరీస్‌లో సచిన్ టెండూల్కర్ చెప్పుకోదగ్గ పెద్ద స్కోరు చేయలేదు. ఆఫ్ స్టంప్ బయటి బంతులు అతడిని ఇబ్బంది పెడుతున్నాయి. ఆ టెస్టులో అతడు కవర్ డ్రైవ్‌ను దాదాపుగా ఆపేశాడు. ప్రపంచంలోనే అందమైన కవర్ డ్రైవ్‌లలో ఒకటి చేతిలో ఉండి కూడా, బౌలర్లు ఆ దిక్కున ఎంత ఊరించినా లొంగలేదు. విసిగిన బౌలర్లు స్టంప్స్ మీదకు వేసినప్పుడల్లా లెగ్ సైడ్‌లో పరుగులు పిండుకున్నాడు. 436 బంతుల్లో 241 పరుగులు, నాటౌట్. టెస్టు బ్యాటింగ్ నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. తనకున్న బలాన్నే పక్కనపెట్టగల నిగ్రహం అందులో కనిపిస్తుంది.

మీ విషయంలో ఇది ఎలా చేయాలి? గత కొన్ని ఇన్నింగ్స్‌లలో మీరు ఎలా అవుటయ్యారో రాసుకోండి. ఒకే షాట్ మళ్లీ మళ్లీ కనిపిస్తే, తర్వాతి మ్యాచ్‌లో కనీసం మొదటి రెండు గంటలు దాన్ని పూర్తిగా ఆపేయండి. “జాగ్రత్తగా ఆడతాను” అనుకోకండి; జాగ్రత్త అన్నది వేడిలో మరిచిపోయే మాట. ఆ షాట్ ఇవాళ లేదు అని నిర్ణయించుకోండి. బదులుగా మీకు నమ్మకమున్న రెండు మూడు షాట్లను ఎంచుకుని, వాటికి తగిన బంతి వచ్చేదాకా వేచి ఉండండి.

2014 ఇంగ్లాండ్ పర్యటనలో విరాట్ కోహ్లీ పది ఇన్నింగ్స్‌లలో 134 పరుగులే చేశాడు. జేమ్స్ ఆండర్సన్ అతడిని నాలుగుసార్లు అవుట్ చేశాడు. 2018లో అదే దేశంలో 593 పరుగులు చేశాడు, ఆ సిరీస్‌లో ఆండర్సన్‌కు ఒక్కసారి కూడా వికెట్ ఇవ్వలేదు. మధ్యలో స్టాన్స్, కాలి కదలిక మారాయి, ఆఫ్ స్టంప్ బయటి బంతులను వదిలే క్రమశిక్షణ పెరిగింది.

ఓపిక అంటే పరుగులు మానేయడం కాదు

జిడ్డు బ్యాటింగ్ అని వెక్కిరించేవారి మాటలో ఒక్క విషయంలో నిజముంది. చెత్త బంతిని కూడా అడ్డుకుంటూ కూర్చునే బ్యాటర్ అవతలి బ్యాటర్ మీద భారం మోపుతాడు, బౌలర్‌కు తన లయ దొరకబుచ్చుకునే అవకాశం ఇస్తాడు. ఒంటి మీదకు వచ్చిన బంతిని మెత్తగా పక్కకు తిప్పి సింగిల్ తీయడం, షార్ట్‌గా పడిన బంతిని కట్ చేయడం, హాఫ్ వాలీని (పిచ్‌పై పడీ పడగానే బ్యాటుకు అందే బంతిని) నేల మీదుగా తరలించడం ఓపికలో భాగమే. స్ట్రైక్ మారుతూ ఉంటే బౌలర్ ప్రతిసారీ లైన్ సరిచేసుకోవాలి, ముఖ్యంగా ఒకరు కుడిచేతి, ఒకరు ఎడమచేతి బ్యాటర్లయితే.

2001 కోల్‌కతా టెస్టులో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆడిన 281 పరుగుల ఇన్నింగ్స్‌ను చూడండి. 452 బంతులు ఆడాడు, అందులో 44 ఫోర్లు. 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ (వెంటనే మళ్లీ రెండో ఇన్నింగ్స్) ఆడుతున్న జట్టు తరఫున అతడూ, 180 పరుగులు చేసిన రాహుల్ ద్రవిడ్ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడలేదు, అయినా ఆ ఒక్కరోజే 335 పరుగులు వచ్చాయి. చివరికి భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. రోజంతా నిలిచిన ఓపిక, వేగంగా వచ్చిన పరుగులు రెండూ ఒకే భాగస్వామ్యంలో ఉన్నాయి. అంతసేపు నిలబడినందుకే చెత్త బంతులు అన్నిసార్లు దొరికాయి.

బౌలర్ శరీరానికి హద్దుంది. 2017 రాంచీ టెస్టులో ఛెతేశ్వర్ పుజారా 525 బంతులాడి 202 పరుగులు చేసినప్పుడు ఆస్ట్రేలియా ఆ ఇన్నింగ్స్‌లో మొత్తం 210 ఓవర్లు వేయాల్సి వచ్చింది. స్టీవ్ ఒకీఫ్ ఒక్కడే 77 ఓవర్లు వేశాడు. ఆ మ్యాచ్ డ్రా అయింది. కానీ ఐదు టెస్టుల్లోనో నాలుగు టెస్టుల్లోనో ఇలాంటి శ్రమ బౌలర్ల కాళ్లలో పేరుకుపోతుంది. 2018-19 ఆస్ట్రేలియా సిరీస్‌లో అదే పుజారా 1258 బంతులు ఎదుర్కొని, మూడు సెంచరీలతో 521 పరుగులు చేశాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద భారత్ తొలిసారి టెస్టు సిరీస్ గెలిచింది అప్పుడే.

బంతికీ బంతికీ మధ్య మనసును వదిలేయండి

రోజంతా ఏకాగ్రత ఎవరికీ సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. బౌలర్ పరుగు మొదలుపెట్టినప్పటి నుంచి బంతి ఆట ముగిసేదాకా ఎనిమిది సెకన్లు అనుకుందాం. 300 బంతుల ఇన్నింగ్స్‌కు ఇది 2400 సెకన్లు, అంటే 40 నిమిషాలు. మీరు నిజంగా తదేకంగా ఉండాల్సింది ఇంతే. మిగతా గంటలన్నీ విశ్రాంతి కింద వాడుకోవచ్చు. బంతి ముగియగానే క్రీజు నుంచి పక్కకు జరగండి, స్క్వేర్ లెగ్ వైపు చూడండి, గ్లవ్ పట్టీ సర్దుకోండి, ఒకసారి నిండుగా ఊపిరి తీసి వదలండి. తిరిగి వచ్చి బ్యాటును నేలకు తట్టినప్పుడు మాత్రమే దృష్టిని బౌలర్ చేతి మీదకు తీసుకురండి. ఏ క్రమమైనా సరే, ప్రతి బంతికీ ఒకేలా ఉండాలి. పోయిన బంతికి బీట్ అయిన (బంతి బ్యాటుకు అందకుండా పోయిన) సంగతిని కూడా ఆ పక్కకు జరగడంతోనే వదిలేయాలి.

అవతలి బ్యాటర్‌తో ప్రతి ఓవరు చివర ఒక మాట మాట్లాడండి. “ఇంకో ఐదు ఓవర్లు” అన్నంత చిన్న లక్ష్యం పెట్టుకోండి. మ్యాచ్‌ను కాపాడాల్సిన చివరి రోజున ఇది మరీ ముఖ్యం. 2021 సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో హనుమ విహారి 161 బంతులాడి 23 పరుగులతో, వెన్నునొప్పితో ఉన్న అశ్విన్ 128 బంతులాడి 39 పరుగులతో అజేయంగా నిలిచి ఓటమిని తప్పించారు. ఆ 23 పరుగుల విలువను స్ట్రైక్ రేటుతో కొలవడం సాధ్యం కాదు.

భారీ షాట్లు ఎప్పుడు?

భారీ షాట్లకు టెస్టుల్లో చోటు లేదని నేను అనను. 2021 బ్రిస్బేన్‌లో 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ పుజారా ఒంటి మీద దెబ్బ మీద దెబ్బ కాచుకుంటూ 211 బంతుల్లో 56 చేశాడు. రిషబ్ పంత్ 89 పరుగులతో అజేయంగా నిలిచి మూడు వికెట్ల తేడాతో గెలిపించాడు. 1988 తర్వాత అప్పటిదాకా ఆ మైదానంలో ఆస్ట్రేలియా టెస్టు ఓడలేదు. పంత్ ఎదుర్కొన్న బౌలర్ల అలసటలో పుజారా ఆడిన బంతుల వాటా ఉంది.

బెన్ స్టోక్స్ 2019లో హెడింగ్లీలో ఆడిన 135 నాటౌట్‌లో అందరికీ గుర్తుండేవి ఎనిమిది సిక్సర్లు. అదే ఇన్నింగ్స్‌లో తొలి 73 బంతులకు అతడు చేసింది మూడు పరుగులే. ఒక్క వికెట్ మిగిలి, 73 పరుగులు కావాల్సిన స్థితిలో జాక్ లీచ్ వచ్చాకే అతడు పూర్తిగా విరుచుకుపడ్డాడు. అంటే భారీ షాట్‌కు కారణం ఉండాలి: అవతల చివరి బ్యాటర్ ఉండటం, డిక్లరేషన్‌కు (ఇన్నింగ్స్‌ను జట్టు తానే ముగించడానికి) పరుగులు కావాల్సి రావడం, బౌలర్ అలసి లైన్ తప్పడం, లేదా బాగా వేస్తున్న స్పిన్నర్‌ను కుదురుకోనివ్వకుండా ఫీల్డర్లను వెనక్కి పంపించాల్సి రావడం. వీటిలో ఏ ఒక్కటీ లేకుండా, కేవలం చాలాసేపు పరుగులు రాలేదన్న చికాకుతో కొట్టబోతున్నారని అనిపిస్తే ఆగండి. మిమ్మల్ని ఆ చికాకుకు గురిచేయడమే బౌలర్ పథకం. కొట్టదలచుకున్నప్పుడు ఏ బౌలర్‌ను, ఏ దిక్కున అన్నది ముందే తేల్చుకోండి, ఏ బంతినన్నది మాత్రం ముందే నిర్ణయించకండి.

2008లో చెన్నైలో 278 బంతుల్లోనే మూడొందలు చేరిన వీరేంద్ర సెహ్వాగ్‌ను ఉదాహరణగా చూపేవారుంటారు. ఆ ప్రతిభను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే అది బ్యాటింగ్‌కు అనుకూలించిన పిచ్, చేతికీ కంటికీ అరుదైన సమన్వయమున్న మనిషి. నేర్చుకునేవారికి అది దారి చూపదు, ఎందుకంటే అందులో అనుకరించదగిన పద్ధతి చాలా తక్కువ.

ఇన్నింగ్స్ తర్వాత

టెస్టుల్లో అందరికంటే ఎక్కువగా 31,258 బంతులు ఎదుర్కొన్న ద్రవిడ్ ఏకాగ్రత ఒక్క మ్యాచ్‌లో వచ్చింది కాదు. నెట్స్‌లో పావుగంట కొట్టి వెళ్లిపోయే అలవాటు ఉంటే గంటన్నర దాకా పెంచండి. అలసిన కాళ్లతో ఆడే చివరి అరగంటలోనే తల పక్కకు ఒరగడం, అడుగు కురచబడటం బయటపడతాయి. అవుటయ్యాక, కోపం చల్లారాక, మూడు సంఖ్యలు రాసుకోండి: ఎన్ని బంతులు ఆడారు, ఎన్ని వదిలేశారు, ఎన్నిసార్లు బీట్ అవడమో అంచు తగలడమో జరిగింది. పరుగుల సంఖ్యను వాటి కింద రాయండి. వచ్చే వారం నెట్స్‌లో ఆ మూడో సంఖ్యకు కారణమైన బంతులనే మళ్లీ వేయించుకుని సాధన మొదలుపెట్టండి.